సెప్టిక్ ట్యాంకు ముందే చెబుతుంది

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ వేదిక మీద నాకు ఇచ్చే అంశం పిల్లల చదువు. ఈసారి సెప్టిక్ ట్యాంకుల గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కాసేపు నా మొహం చూసి, "భోజనాలకు ముందా, తర్వాతా టీచరమ్మా?" అని అడిగారు. ముందే అన్నాను. భోజనం తర్వాత సగం మంది నిద్రపోతారు. ఈ విషయం మాత్రం అందరూ మెలకువగా ఉండి వినవలసినది.

ఎందుకంటే ఈ హాలులో కూర్చున్న ప్రతి ఒక్కరి ఇంటి కింద ఒక గుంత ఉంది. మీరు డబ్బులిచ్చి కట్టించిన మదరసా కింద, హాస్టల్ కింద, షాదీఖానా కింద కూడా ఉంది. గదికి శిలాఫలకం వేయించుకుంటాం. ఫ్యాను రెక్క మీద కూడా తండ్రి పేరు రాయిస్తాం. ఆ గుంత మీద ఎవరి పేరూ ఉండదు. కట్టిన రోజు మూత వేసి మరచిపోతాం. అది మళ్లీ మనకు గుర్తొచ్చేది పొంగినప్పుడే. పొంగిన రోజు ఇంట్లో పెళ్లి ఉంటుంది, లేదా పండుగ ఉంటుంది. ఆ తొందరలో ఎవరో ఒక మనిషిని పిలిచి "దిగవయ్యా, ఎంతైనా ఇస్తాం" అంటాం. ఈరోజు నా మాట అంతా ఆ "దిగవయ్యా" అనే రోజు రాకుండా చూసుకోవడం గురించే. గుంత పొంగే ముందు చాలా రోజులు, ఒక్కోసారి నెలలు, మనకు కబురు చేస్తూనే ఉంటుంది. ఆ కబురు గుర్తుపట్టడం నేర్చుకుంటే చాలు.

లోపల ఏం జరుగుతుంది?

ముందుగా ట్యాంకు పనిచేసే తీరు చెబుతాను. ఆరో తరగతి పిల్లలకు చెప్పినట్టే చెబుతాను, పెద్దలు మన్నించాలి.

లెట్రిన్ నుంచి వచ్చినదంతా ట్యాంకులో చేరి నిలకడగా ఉంటుంది. బరువైనది కిందికి దిగి మడ్డిగా పేరుకుంటుంది. నూనె, జిడ్డు వంటి తేలికైనది పైకి తేలి తెట్టెలా కడుతుంది. మధ్యలో కాస్త తేటపడిన నీరు ఉంటుంది. గాలి లేని ఆ చీకట్లో కంటికి కనిపించని సూక్ష్మజీవులు మడ్డిని నిదానంగా కరిగిస్తాయి. తెట్టె బయటికి పోకుండా లోపలి వైపు అడ్డుగోడ గానీ, టీ ఆకారపు పైపు గానీ ఉంటుంది. మధ్య నీరు మాత్రమే రెండో వైపు గొట్టం గుండా ఇంకుడు గుంతకు పోయి నేలలో ఇంకుతుంది.

ఇందులో రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ఆ నీరు తేటగా కనిపించినా శుభ్రమైనది కాదు. రోగం తెచ్చే క్రిములు అందులో ఉంటాయి. రెండు, సూక్ష్మజీవులు మడ్డిని తగ్గిస్తాయి గానీ మాయం చేయలేవు. మిగిలింది ఏటేటా పెరుగుతుంది. అందుకే రెండు మూడేళ్లకొకసారి బండితో తోడించాలి. మడ్డి, తెట్టె కలిసి ట్యాంకు లోతులో మూడో వంతు ఆక్రమిస్తే ఇక ఆగకూడదు. మధ్య నీటికి చోటు తగ్గితే అది తేటపడకముందే బయటికి వెళ్లిపోతుంది. మడ్డి ఇంకుడు గుంతలోకి చేరి, అక్కడి నేల రంధ్రాలను మూసేస్తుంది. ట్యాంకు తోడించడానికి ఒక పూట పడుతుంది. పాడైన ఇంకుడు గుంతకు మళ్లీ కొత్తగా తవ్వకమే గతి.

మన నేల సంగతి

ఈ ట్యాంకుల లెక్క పుస్తకంలో ఒకలా ఉంటుంది, మన రాయలసీమ నేలలో ఇంకోలా ఉంటుంది. కర్నూలు, నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి ఎక్కువ. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిచ్చి ముడుచుకుంటుంది. తడిసినప్పుడు నీటిని లోపలికి సరిగా తీసుకోదు. అందుకే నల్లరేగడిలో ఇంకుడు గుంత తొందరగా మొరాయిస్తుంది. నేల ఉబ్బి ముడుచుకునే కొద్దీ ట్యాంకు గోడలు చీలుతాయి, పైపుల అతుకులు జరుగుతాయి.

బేతంచర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు కథ వేరు. అక్కడ అడుగు తవ్వితే నాపరాయి. మన ఇళ్లలో పరిచే బండలు, దేశమంతా కడప బండలని పిలుచుకునేవి, ఆ నేల నుంచి వచ్చినవే. ఇది సున్నపురాయి జాతి. నీరు ఈ రాతి పగుళ్లలో దూరి, వేల ఏండ్లు నెమ్మదిగా కరిగించి దారులు చేసుకుంటుంది. బెలూం గుహలు చూసిన వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ గుహలను చేసినది భూమి కింది నీరే. పిల్లలను విహారయాత్రకు తీసుకుపోయిన ప్రతిసారీ నేను వాళ్లకు ఒకటే చెబుతాను: "ఈ రాతిలో నీళ్లకు ఇంత పెద్ద దారి ఉంటే, మన ఊర్లో మన గుంత నీళ్లకు దారి ఉండదా?" మట్టిలో అయితే మురుగునీరు నిదానంగా వడపోతకు గురవుతుంది. రాతి పగుళ్లలో ఆ వడపోత లేదు. ఈ ఇంటి గుంత నీరు ఆ ఇంటి బోరులోకి నేరుగా చేరవచ్చు.

ఇంకో సంగతి మన కరువు. ఎండాకాలంలో కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధుల్లో, లెట్రిన్‌లో బకెట్ పోయవలసిన చోట చెంబెడు పోస్తాం. పైపులో మలం కదలక ఎండిపోతుంది. ఇది ట్యాంకు జబ్బు కాదు, నీళ్లు చాలని జబ్బు. బట్టలు ఉతికిన నీళ్లు దాచి అందులో పోయడం మంచి అలవాటు.

గుర్తుపట్టవలసిన సంకేతాలు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇవి సాధారణంగా వచ్చే వరుసలో చెబుతాను. ఇంటికి పోయి ఆడవాళ్లను అడగండి. చాలా ఇళ్లలో వాళ్లు ముందే గమనించి ఉంటారు, చెప్పడానికి మొహమాటపడి ఉంటారు.

మొదటిది శబ్దం. నీళ్లు పోశాక లోపల గుడగుడమని బుడగల చప్పుడు వస్తుంది. నీరు కిందికి పోతుంటే గాలి పైకి రావడానికి దారి లేదని దీని అర్థం. గాలి గొట్టం మూసుకుపోయిందేమో, లేదా ట్యాంకులో మట్టం పెరిగిందేమో చూడాలి.

రెండోది నెమ్మది. రెండు చెంబులకు పోయేది నాలుగు చెంబులకు గానీ పోదు. ఇక్కడ ఒక చిన్న తేడా తెలుసుకోండి. ఇంట్లో రెండు లెట్రిన్‌లు ఉండి ఒక్కటే నెమ్మదిస్తే, లోపం ఆ పైపులో ఉంది. రెండూ కలిసి నెమ్మదిస్తే, లోపం ట్యాంకులోనో దాని తర్వాతో ఉంది. మేడ మీద బాగుండి కింద మొరాయించినా ట్యాంకునే అనుమానించాలి. నీరు ఎగదన్నేది అన్నిటికన్నా పల్లంలో ఉన్న చోట నుంచే. వానాకాలంలో మాత్రమే నెమ్మదిస్తే ఇంకుడు గుంత చుట్టూ నేల నీళ్లతో నిండిందని అర్థం.

మూడోది వాసన. గాలి గొట్టం మిద్దె పైకి ఉండాలి గనుక అక్కడ కొద్దిగా వాసన ఉండటం సహజం. కానీ స్నానాల గదిలో, వాకిట్లో, మూత బండ దగ్గర కుళ్లిన గుడ్ల వాసన వస్తే ఆ గాలి తప్పుడు దారిలో వస్తున్నట్టు. అగరుబత్తీ వెలిగించి ఆ వాసనను కప్పేయకండి. మూత దగ్గరైతే అగరుబత్తీ కాదు కదా, బీడీ కూడా వెలిగించకూడదు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నాలుగోది తడి. ఎండాకాలంలో వీధంతా ఎండి బీటలు వారి ఉంటే, మీ ఇంకుడు గుంత మీద మాత్రం గడ్డి పచ్చగా ఉంటుంది. లేదా గోడ అడుగున చెమ్మ, తెల్లటి ఉప్పు పొర కనిపిస్తుంది. "మా కరివేపాకు చెట్టు భలే పెరుగుతోంది" అని సంతోషపడే ముందు అది ఎక్కడ ఉందో చూడండి.

ఐదోది దోమలు. సాయంత్రానికి ఒక్క మీ ఇంట్లోనే దోమలు గుంపులుగా వస్తుంటే మూత బండ సందులు, గాలి గొట్టం చూడండి. క్యూలెక్స్ జాతి దోమ సెప్టిక్ ట్యాంకులో గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుంది. బోదకాలు తెచ్చేది ఆ జాతే. గొట్టం పైన సన్నటి జాలీ గుడ్డ కడితే, బండ సందులు సిమెంటుతో పూడిస్తే సగం బాధ తీరుతుంది.

ఆరోది బండ. మన వైపు ట్యాంకుల మీద నాపరాళ్లు పరిచి, దాని మీదే మోటారు సైకిళ్లు పెడతాం, పిల్లలు ఆడతారు. లోపలి ఆవిరికి, పైన బరువుకు ఆ బండలు కాలక్రమేణా బలహీనపడతాయి. బండ కదిలినా, తొక్కితే డొల్ల శబ్దం వచ్చినా, సన్నటి చీలిక కనిపించినా ఆ రోజే చుట్టూ అడ్డం పెట్టి కొత్తది వేయించాలి. ఇంత చిన్న ఖర్చుకు వాయిదా వేయడం మంచిది కాదు. పైన ఆడేది మన పిల్లలు.

ఏడోది నీళ్లు. బోరు నీళ్ల రుచి మారడం, వానల తర్వాత మసకబారడం, ఇంట్లో చిన్నపిల్లలకు తరచూ విరేచనాలు కావడం. మున్సిపాలిటీ కొళాయిలోనూ ఇది రావచ్చు. నీళ్లు వదిలిన మొదటి ఐదు నిమిషాలు రంగు, వాసన ఉంటే, మురికి కాలువ గుండా పోయే పైపు ఎక్కడో చిల్లి పడి ఉంటుంది. నీళ్లు రాని వేళ పైపు ఖాళీగా ఉండి, బయటి మురుగును లోపలికి లాక్కుంటుంది. వెంటనే మున్సిపల్ ఆఫీసుకు చెప్పాలి. 2021 ఏప్రిల్‌లో ఆదోనిలో, పాణ్యం మండలం గోరుకల్లులో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయిన సంగతి మనం మరచిపోలేదు. నీటి విషయంలో "చూద్దాంలే" అనే మాట పనికిరాదు.

నీళ్లు కాచి తాగితే క్రిములు చస్తాయి. కానీ మురుగునీటితో వచ్చే నైట్రేట్ కాచినా పోదు. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే అది తాగునీరుగా పనికిరాదని మన దేశ ప్రమాణం. డబ్బా పాలు కలిపి తాగించే పసిబిడ్డలకు అది మరీ ప్రమాదం. అందుకే అనుమానం వస్తే నీటి పరీక్ష చేయించండి. రూపాయల పరీక్షకు వెనకాడి ఆసుపత్రి పాలు కావద్దు.

నిండని ట్యాంకు

ఇక ఎనిమిదో సంకేతం. ఇది అందరూ గొప్పగా చెప్పుకునేది. మా వీధిలో ఒక పెద్దాయన, మేమందరం చాచా అని పిలుస్తాం, ఒకసారి నాతో, "మా ట్యాంకు కట్టి ఇరవై ఏండ్లయింది మా. ఒక్కసారి గూడా నిండల్యా. ఆ కాలపు మేస్త్రి పనితనం అట్లుంటాది" అన్నారు. నేను, "చాచా, మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగాను. "తొమ్మండుగురం" అన్నారు. తొమ్మిదిమంది ఇరవై ఏండ్లు వాడిన ట్యాంకు ఒక్కసారీ నిండలేదంటే, అది యాడికి పోతోంది చాచా అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నమే మేస్త్రిని పిలిపించి అడిగితే, అడుగున సిమెంటు వేయలేదని తేలింది. నిండకూడదని అప్పట్లో చాలామంది అలాగే కట్టించేవాళ్లు. వాళ్ల ఇంటి వెనక సందులో ఉన్న చేతి పంపు నీళ్లు ఆ సందువాళ్లు ఏండ్ల తరబడి తాగారు.

నిండని ట్యాంకు మంచి ట్యాంకు కాదని దయచేసి పదిమందికి చెప్పండి. ట్యాంకులో నీటి మట్టం ఎప్పుడూ బయటికి పోయే గొట్టం దగ్గర ఉండాలి. అంతకన్నా కిందికి దిగితే అడుగునో గోడలోనో కారుతోంది. అంతకన్నా పైకి వస్తే ముందు దారి మూసుకుపోయింది. ఈ ఒక్క సూత్రం గుర్తున్నా చాలు.

మేస్త్రి రాకముందే మనం చేసే లెక్క

బోరుకూ ఇంకుడు గుంతకూ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగుల దూరం ఉండాలని భారత ప్రమాణాలు చెబుతాయి. రెండు సెంట్ల స్థలం అంటే సుమారు 870 చదరపు అడుగులు. ఇరవై అడుగుల వెడల్పయితే పొడవు నలభై మూడు నలభై నాలుగు అడుగులు. ఈ స్థలంలో మన గుంతకూ మన బోరుకూ మధ్యే 60 అడుగులు రావు. ఇక పక్కింటివాళ్ల గుంత మన బోరుకు ఎంత దూరంలో ఉందో ఎవరు కొలిచారు? పొరుగువాడికి మన మీద హక్కు ఉందని చిన్నప్పటి నుంచి విన్నవాళ్లం. ఆ హక్కు గోడ దగ్గర ఆగిపోదు, గోడ కిందకూ ఉంటుంది. అందుకే ఇరుకు వీధుల్లో ఒక ఇల్లు బాగు చేసుకుంటే చాలదు. వీధివీధంతా మాట్లాడుకుని, తాగేందుకు బోరు వదిలి కొళాయి నీళ్లో శుద్ధి చేసిన నీళ్లో వాడుకోవడం మేలు.

రెండో లెక్క, పెళ్లి లెక్క. ఐదుగురు వాడే ఇంటికి చెప్పే చిన్న ట్యాంకులో నీరు నిలిచే చోటు సుమారు ఒకటిన్నర మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు. అంటే 1,125 లీటర్లు. ఇంట్లో పెళ్లి, ఆ రోజు రెండు వందల మంది లెట్రిన్‌కు పోయారనుకోండి. మనిషికి ఆరు లీటర్లు వేసినా 1,200 లీటర్లు. ఒక్క పూటలో ట్యాంకులోని నీరంతా మారిపోయింది. మడ్డి దిగడానికి సమయం ఎక్కడిది? పెళ్లి అయిన వారానికి గుంత పొంగితే వచ్చిన బంధువులను తిట్టుకోకండి. పెళ్లికి ముందు తోడించండి, లేదా ఆ రోజుకు మొబైల్ టాయిలెట్ తెప్పించండి. మన షాదీఖానాలకూ ఇదే లెక్క. రంజాన్‌లో మస్జిద్‌లకు జనం పెరుగుతారు. వుజూ నీళ్లు ట్యాంకులోకి పోకుండా వేరే కాలువ పెట్టి మొక్కలకు పారిస్తే, ట్యాంకుకూ మంచిది, మొక్కకూ మంచిది.

బక్రీద్ రోజు రక్తం, కొవ్వు, కడిగిన నీళ్లు లెట్రిన్‌లో పోయడం కొన్ని ఇళ్లలో చూస్తున్నాం. ఆ కొవ్వు గడ్డకట్టి గొట్టానికి అడ్డం పడుతుంది. వేయించిన నూనె, పసిపిల్లల డైపర్లు, ప్యాడ్లు, ప్లాస్టిక్ కవర్లు కూడా అంతే. యాసిడ్, బ్లీచింగ్ రోజూ కుమ్మరిస్తే మడ్డిని కరిగించే సూక్ష్మజీవులే చస్తాయి. కొత్త ట్యాంకు పని మొదలుపెట్టాలని పేడ వేయడం, చచ్చిన కోడిని వేయడం కూడా మన దగ్గర అలవాటు. అవసరం లేదు. కావలసిన సూక్ష్మజీవులు మన మలంతోనే వస్తాయి.

వరద వచ్చిన ఊరికి ఇంకో మాట. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన రోజులు గుర్తున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేటి ఒడ్డు ఊర్లు కొట్టుకుపోయాయి. వరద తగ్గగానే అందరం చేసే పని ట్యాంకు ఖాళీ చేయించడం. నేల ఇంకా నీళ్లతో ఉన్నప్పుడు ట్యాంకును పూర్తిగా తోడితే బయటి ఒత్తిడికి గోడలు కూలవచ్చు. నేల ఆరే వరకు ఆగి తోడించాలి. ఆలోపు బోరు నీళ్లు క్లోరిన్ వేసి, పరీక్ష చేయించాకే తాగాలి.

లోపలికి ఎవరూ దిగకూడదు

ఇప్పుడు మూత దగ్గర బీడీ ఎందుకు వెలిగించకూడదో చెబుతాను. ట్యాంకులో మడ్డి కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిప్పు తగిలితే అంటుకుంటుంది. దానితోపాటు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన దానిదే. దీని మోసం ఏమిటంటే, కొద్దిగా ఉన్నప్పుడు వాసన వస్తుంది, ఎక్కువైనప్పుడు మన ముక్కునే మొద్దుబారేస్తుంది. "వాసన పోయింది, దిగొచ్చు" అనుకున్నవాడు దిగుతాడు. రెండు మూడు ఊపిరులకు స్పృహ తప్పుతుంది. పైన ఉన్నవాడు తమ్ముడో కొడుకో అయి ఉంటాడు, కాపాడాలని దూకుతాడు. ఆ వెనక మూడోవాడు. ఒకే గుంతలో ఇద్దరు ముగ్గురు పోయారన్న వార్త పేపర్లో చూసినప్పుడల్లా జరిగినది ఇదే. ఎవరైనా లోపల పడితే మీరు దిగకండి. 101కి, 108కి ఫోన్ చేయండి. మూత పూర్తిగా తెరవండి. బయట నుంచే తాడు అందించండి.

చట్టం కూడా ఇదే చెబుతోంది. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం నేరం. దింపించిన ఇంటి యజమానికైనా, సంస్థకైనా మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పారిశుద్ధ్య కార్మికుల ఇంట పుట్టిన మన తెలుగువాడు బెజవాడ విల్సన్, ఆయన నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ ఏండ్ల తరబడి సుప్రీంకోర్టులో పోరాడితే, 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి పది లక్షలు ఇవ్వాలని కోర్టు ఆదేశించింది. 2023 అక్టోబరు 20న మరో తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో రామన్ మెగసెసె పురస్కారం వచ్చింది. కానీ ఆ ముప్పై లక్షలు ఇంటికి వచ్చినా మనిషి రాడు.

ఆ దిగే మనిషి ఎవరో ఒకసారి ఆలోచించండి. రోజు కూలీ. చాలాసార్లు దళిత కుటుంబం నుంచి వచ్చినవాడు. అతని పిల్లలు నా బడిలో చదువుతారు. వాళ్ల ఫీజు కట్టేందుకు మనం ఇక్కడ చందాలు ఇస్తాం. ఒక చేత్తో పిల్లవాడికి పుస్తకాలిచ్చి, ఇంకో చేత్తో వాళ్ల నాన్నకు తాడు కట్టి గుంతలోకి దింపితే ఆ దానానికి అర్థం ఏమిటి?

బండి పిలిపించడానికి 14420 నంబరు ఉంది. లేదా మున్సిపల్ ఆఫీసులో అడిగితే బండ్ల వివరాలు చెబుతారు. బండి వచ్చినప్పుడు పక్కన నిలబడి మూడు సంగతులు చూడండి. మూత తెరిచి కాసేపు గాలి ఆడనిచ్చాకే పని మొదలుపెట్టాలి. గొట్టమే లోపలికి పోవాలి, మనిషి పోకూడదు. తోడినది ఎక్కడ పోస్తారో అడగాలి. వంకలోనో, కేసీ కాలువలోనో, చెరువు పక్కనో పోస్తే మన ఇంటి రోగం ఊరి రోగం అవుతుంది. మనం ఇక్కడి నుంచి బెంగళూరు పోయే దారిలోనే దేవనహళ్లి ఉంది. ఆ చిన్న పట్టణంలో 2015 నుంచి ఇలా తోడిన మడ్డిని శుద్ధి చేసే కేంద్రం నడుస్తోంది. మన పట్టణాల్లో బండ్లు ఎక్కడ ఖాళీ అవుతున్నాయో మున్సిపల్ కమిషనర్లను అడిగే హక్కు, పన్ను కడుతున్న మనకు ఉంది.

దాతలకు ఒక విన్నపం

నేను ముప్పై ఏండ్లుగా బడుల్లో పనిచేస్తున్నాను. ఒక ఊరి బడిలో, పేరు చెప్పను, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు వరుసగా బడి మానేయడం మొదలుపెట్టారు. ఇంటింటికీ పోయి అడిగితే పెళ్లి సంబంధాలన్నారు, ఆరోగ్యమన్నారు. చివరికి ఒక పిల్ల చెవిలో చెప్పింది: "లెట్రిన్ పొంగుతుంది టీచర్, పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉంటున్నాము." ఆ బడికి ఆ ఏడాదే కొత్త గది కట్టించిన దాత ఫోటో గోడ మీద ఉంది. ట్యాంకు తోడించే డబ్బు మాత్రం ఎవరి పద్దులోనూ లేదు. అక్కడి హెడ్మాస్టరు అడగడానికి సిగ్గుపడ్డారు, ఇచ్చేవాళ్లకు తెలియలేదు. బండి పిలిపించాక, గాలి గొట్టం మార్పించాక పిల్లలు తిరిగి వచ్చారు. అందరూ రాలేదు. ఇద్దరికి అప్పటికే పెళ్లి కుదిరిపోయింది.

కాబట్టి ఈ సంవత్సరం మన సొసైటీ ముందు నాలుగు పనులు పెడుతున్నాను. మొదటిది, మన సంస్థల కింద ఉన్న ప్రతి భవనానికీ ఒక రిజిస్టరు. ట్యాంకు ఎక్కడ ఉంది, ఎంత కొలత, చివరిసారి ఎప్పుడు తోడారు అన్నది అందులో రాయాలి. మూత చోటు గోడ మీద రంగుతో గుర్తు పెట్టాలి. కట్టించినవాళ్లు పోతే ఎక్కడుందో ఎవరికీ తెలియని ట్యాంకులు మన దగ్గరే ఉన్నాయి. రెండోది, కొత్త భవనానికి ఎవరు విరాళమిచ్చినా, అందులో కొంత భాగం మూడేళ్లకొకసారి తోడించడానికని వేరే పద్దులో ఉంచాలి. మూడోది, నెలకొకసారి ఒక ఉపాధ్యాయుడో, హాస్టల్ వార్డెనో ఇందాక చెప్పిన ఎనిమిది సంకేతాలు చూసి సంతకం పెట్టాలి. పది నిమిషాల పని అది. నాలుగోది, మన భవనాల్లో ఎక్కడా, ఎంత తొందరైనా, మనిషిని లోపలికి దింపబోమని ఈ సభలోనే తీర్మానం చేయాలి.

సదకా-ఎ-జారియా అంటే మనం పోయాక కూడా సాగే పుణ్యమని మనందరికీ తెలుసు. బావి తవ్వించడం దానికి పాత ఉదాహరణ. మన గుంత నుంచి మురుగు ఆ బావిలోకి చేరకుండా చూడటం కూడా ఆ బావి తవ్వించిన పుణ్యంలో భాగమేనని నేను నమ్ముతాను. దీనికి శిలాఫలకం ఉండదు, ఫోటో ఉండదు. కొళాయి దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుని భయం లేకుండా తాగే పిల్ల ఉంటుంది. సాయంత్రం పని ముగించుకుని ఇంటికి చేరే ఆమె తండ్రి ఉంటాడు.

భోజనాల వేళ అయింది. కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. ఇంటికి పోయాక ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మీ ఇంటి ట్యాంకు మూత ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు తోడించారో ఇంట్లో అడగండి. జవాబు ఎవరికీ తెలియకపోతే, రేపే బండికి ఫోన్ చేయండి.

అల్లాహ్ మన అందరికీ శుభ్రతతో, పొరుగువాడి క్షేమంతో బతికే భాగ్యం ప్రసాదించుగాక.